విలేకరిని రిమాండ్‌కు తెచ్చిన రాత్రి: ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

బార్ కౌన్సిల్ చైర్మన్ గారికి, గౌరవ సభ్యులకు నమస్కారం.

విజయవాడ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే న్యాయవాదిని, మీ రోల్‌లో (న్యాయవాదుల పట్టీలో) ఉన్నవాణ్ని. అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. విలేకరుల మీద పెట్టే కేసులు, మానవ హక్కుల కేసులు వాదించే లాయర్లకు బార్ కౌన్సిల్ తరఫున ఒక పద్ధతి ప్రకారం ట్రైనింగ్ మొదలుపెట్టండి. అది ముందుగా మేజిస్ట్రేటు కోర్టుల్లో తిరిగే జూనియర్లకు అందాలి, తెలుగులో జరగాలి, విజయవాడ, గుంటూరుల్లో మొదలవ్వాలి. ఎందుకంటున్నానో కొంచెం ఓపిగ్గా చదవండి.

2021 మేలో ఏబీఎన్, టీవీ5 చానెళ్ల మీద సీఐడీ రాజద్రోహం కేసు పెట్టింది. మే 31న సుప్రీంకోర్టు ఆ చానెళ్ల మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దంది, రాజద్రోహానికి హద్దులేమిటో తేల్చాల్సిన సమయం వచ్చిందని కూడా అంది. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి మహిళల గురించి అభ్యంతరకరంగా మాట్లాడితే, ఆ చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేసి గుంటూరు జైలుకు పంపారు. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేయమంది. ఈ రెండు కేసుల మధ్య ప్రభుత్వం మారింది. చదివేవాళ్లు ఏ పార్టీ అభిమానులైతే ఆ పార్టీకి పనికొచ్చే కేసును గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోతారు. లాయర్లం మనం రెండూ గుర్తుపెట్టుకోవాలి. అయితే నా బాధ ఈ రెండు కేసుల గురించి కాదు. రోజుల్లోనే ఢిల్లీ చేరిపోయే స్తోమత వాళ్లకుంది, వెనక చానెళ్లున్నాయి, పేరున్న సీనియర్లున్నారు. మైలవరంలోనో, పొన్నూరులోనో ఒక మండల విలేకరిని ఎత్తుకెళ్తే అతనికి సుప్రీంకోర్టు అంటే మేజిస్ట్రేటు గారి ఇల్లే. అతని తరఫున హరీష్ సాల్వే లాంటి పెద్ద లాయరు రాడు. రెండేళ్ల కిందట ఎన్‌రోల్ అయిన, మోటార్ యాక్సిడెంట్ కేసుల మీద బతుకుతున్న కుర్రాడు వస్తాడు.

అలాంటి ఒక రాత్రి ఈమధ్య నా కళ్ల ముందే జరిగింది. శనివారం. వేరే రిమాండ్ పని మీద నేను మేజిస్ట్రేటు గారి ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను. మా జిల్లాలోని ఒక మండలం నుంచి ఒక విలేకరిని తీసుకొచ్చారు. ఇసుక లారీల వీడియో ఒకటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కింద, డబ్బులు డిమాండ్ చేశాడని 308(2), విధులకు ఆటంకం కలిగించాడని 132, బెదిరించాడని 351(2). గవర్నమెంట్ ఆస్పత్రిలో మెడికల్ చేయించిన కాగితం, ఆరేడు పేజీల రిమాండ్ రిపోర్టు ఇంగ్లీషులో. అతను తెలుగులో వార్తలు రాసుకునే మనిషి. అరెస్టు కారణాలని ఒక కాగితం మీద అప్పటికే సంతకం తీసుకున్నారు, అందులో ఏముందని అడిగితే 'కేసు సంగతే అనుకుంటా సార్' అన్నాడు. ఇంతలో నా ముద్దాయి పేరు పిలిచారు. నేను లోపలికెళ్లి బయటికొచ్చేసరికి అతని వంతు వచ్చింది. మేజిస్ట్రేటు గారు అడగాల్సినవి అడిగారు: పోలీసులు కొట్టారా, ఇంట్లోవాళ్లకు చెప్పారా, లాయరున్నాడా. లాయరు కుర్రాడు వకాలత్ (తరఫున వాదించే అధికారపత్రం) ఇచ్చి, 'బెయిల్ పిటిషన్ సోమవారం వేస్తాం సార్' అన్నాడు. పద్నాలుగు రోజులు రిమాండ్. మొత్తం కలిపి టీ తాగినంతసేపు పట్టలేదు.

ఆ కుర్రాణ్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి తొమ్మిదింటికి పిలిస్తే వచ్చాడు, ఫీజు వస్తుందో రాదో తెలియకుండా వచ్చాడు. కానీ అక్కడ అడగాల్సినవి ఎన్ని ఉన్నాయి! పెట్టిన సెక్షన్లన్నీ ఏడేళ్లలోపు శిక్షవే. సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు 2014 నాటిది. దాని ప్రకారం ఇలాంటి కేసుల్లో అరెస్టు ఎందుకు తప్పలేదో పోలీసులు రాతలో చెప్పాలి, ఆ కారణాలు సరిపోతాయో లేదో మేజిస్ట్రేటు చూసుకున్నాకే రిమాండ్ చేయాలి. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నోటీసు, అంటే పాత సీఆర్పీసీ 41ఏ, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పటి 35(3) నోటీసు ఇచ్చారా? ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు? అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023లో పంకజ్ బన్సల్ కేసులో, 2024 మేలో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రెండోది ఒక న్యూస్ పోర్టల్ ఎడిటర్ కేసే. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా తీర్పు దాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది: అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా రిమాండ్‌కు హాజరుపరచడానికి రెండు గంటల ముందైనా చేతికి అందాలి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చిన ఆ రాత్రి ఈ ఒక్క మాట ఎవరైనా పైకి అని ఉంటే, కనీసం ఆర్డరులో అభ్యంతరం నమోదయ్యేది. రేపు హైకోర్టుకెళ్తే చూపించడానికి ఒక కాగితం ఉండేది.

మన దగ్గర ఒక అలవాటు పాతుకుపోయింది. లాయరు బెయిల్ గురించి ఆలోచిస్తాడు, రిమాండ్‌ను ఎదిరించడు. రిమాండ్ అనేది పోలీసులకూ మేజిస్ట్రేటుకూ మధ్య వ్యవహారమనీ, మన పని ఆ తర్వాత మొదలవుతుందనీ అనుకుంటాం. సీనియర్లు కూడా 'ముందు లోపలికెళ్లనీ, మూడు రోజుల్లో బయటికి తెద్దాం' అంటారు. మామూలు కేసుల్లో ఆ లెక్క నడిచిపోతుందేమో. విలేకరి విషయంలో ఆ మూడు రోజులే శిక్ష. బయటికొచ్చాక కూడా కండిషన్ బెయిల్ అంటే ఏ స్టేషన్ గురించి వార్త రాశాడో ఆ స్టేషన్‌కే వారం వారం వెళ్లి సంతకం పెట్టాలి. ఇక ఆ మండలంలో ఇసుక వార్త ఎవరు రాస్తారు?

మేజిస్ట్రేట్లకు ఈ సంగతి చెప్పేవాళ్లున్నారు. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో అర్నేష్ కుమార్ తీర్పును పాటించకుండా రిమాండ్ చేయొద్దని 2025 జూలైలో మన హైకోర్టే మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. జడ్జీలకు అకాడమీ ఉంది, పోలీసులకు ట్రైనింగ్ కాలేజీలున్నాయి. లాయరుకు? లా డిగ్రీ, ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ పరీక్ష. అది పాసయ్యాక రిటైరయ్యేదాకా ఎవరూ ఏమీ అడగరు, ఏమీ నేర్పరు. డాక్టర్లకు క్రెడిట్ అవర్సని ఏవో ఉన్నాయి, మనకు అవీ లేవు. 2024 జూలై 1న ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో మూడు కొత్త చట్టాలు వచ్చినప్పుడు ఎవరికి వాళ్లం పుస్తకం కొనుక్కుని చదువుకున్నాం. పాత సీఆర్పీసీ 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనేది), కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 482 అంటే యాంటిసిపేటరీ (ముందస్తు) బెయిల్. క్వాష్ ఇప్పుడు 528. కోర్టు వరండాల్లో ఇప్పటికీ రెండు చట్టాలూ కలిపి మాట్లాడుకుంటున్నాం, అలవాటైన నోళ్లు కదా!

తీర్పు వచ్చినంత మాత్రాన అది స్టేషన్‌దాకా నడుచుకుంటూ వెళ్లదు. ఐటీ చట్టంలోని 66ఏను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత కూడా దేశంలో ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోయింది, 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. కొట్టేసిన సెక్షన్ కింద మనిషిని తీసుకొస్తే 'ఈ సెక్షన్ లేదండీ' అనే లాయరు అక్కడ ఉండాలి కదా. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న వచ్చిన తీర్పుకు ఇదే గతి పట్టకూడదు. మాటకు, రాతకు సంబంధించిన ఆరోపణల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉండే చోట, ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3)లో ఉందనీ, దాన్ని వాడాలనీ ఆ తీర్పు చెప్పింది. వర్గాల మధ్య శత్రుత్వమని 196, పుకార్లని 353 పెట్టి తెచ్చే కేసులకు ఇది నేరుగా పనికొస్తుంది. ఎంతమంది వాడుతున్నారు?

ఫోన్ సంగతి విడిగా చెప్పాలి, నన్నడిగితే ట్రైనింగ్‌లో సగం రోజు దీనికే కేటాయించాలి. విలేకరిని తీసుకెళ్లగానే ముందు లాక్కునేది ఫోన్. ఇద్దరు వీఆర్వోలను మధ్యవర్తులుగా కూర్చోబెట్టి, 'ఒక నలుపు రంగు సెల్‌ఫోన్, సిమ్ కార్డుతో సహా' అని మధ్యవర్తుల నివేదిక రాస్తారు. ఫోన్‌ను గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఫోన్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టారా, ఏ కవర్లో సీల్ చేశారు, సీల్ మీద ఎవరి సంతకం ఉంది అన్నవి చాలా నివేదికల్లో కనిపించవు. లాక్ ప్యాటర్న్ మాత్రం అడిగి తెలుసుకుంటారు. ఆ ఫోన్లో అతని కేసుకు సంబంధించింది ఒక్క వీడియోనే అయితే, సంబంధం లేనివి వెయ్యి: లారీల సమాచారం ఇచ్చిన రైతు నంబరు, లోపలి కాగితం ఫోటో తీసి పంపిన చిన్న ఉద్యోగి మెసేజ్, భార్యాబిడ్డల ఫోటోలు. ఆ ఉద్యోగి వారం తిరక్కుండానే ఎక్కడికో బదిలీ అయితే ఎవరిని అడుగుతాం?

బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియో రికార్డు చేయాలి. లాయరు ఆ రికార్డింగు అడగాలి. కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియం 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ వాల్యూ (ఫోన్లోని డేటాకు వేలిముద్రలాంటి సంఖ్య, డేటా మారితే అదీ మారుతుంది) రాయాలి. స్వాధీనం చేసుకున్న రోజున హాష్ తీయకపోతే, నెల తర్వాత ఆ ఫోన్లో ఉన్నది మొదటి రోజు ఉన్నదేనని ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్న క్రాస్‌లో (సాక్షిని ఎదురు ప్రశ్నించేటప్పుడు) అడగడానికి కంప్యూటర్ ఇంజినీరు కానక్కర్లేదు, రెండు గంటలు ఎవరైనా కూర్చోబెట్టి చూపిస్తే చాలు. జర్నలిస్టుల ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఎడాపెడా స్వాధీనం చేసుకోవడం తీవ్రమైన విషయమని 2023 నవంబరులో సుప్రీంకోర్టే అని, మార్గదర్శకాలు తెమ్మని కేంద్రాన్ని అడిగింది. అవి వచ్చేదాకా సీబీఐ మాన్యువల్ పాటిస్తామని కేంద్రం ఒప్పుకుంది. ఆ మాట కేంద్ర సంస్థలకు సంబంధించిందే అయినా, మన స్టేషన్ల కేసుల్లో పోల్చి చూపించి వాదించడానికి అదొక ఆధారం.

వార్త ఎవరిచ్చారో చెప్పమని నిలదీస్తే విలేకరిని కాపాడే చట్టం మనకు దాదాపు లేనట్టే. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ఉంది కానీ, అది ప్రెస్ కౌన్సిల్ ముందు జరిగే విచారణ వరకే. యూరప్‌లో మానవ హక్కుల కోర్టు 1996లోనే గుడ్విన్ కేసులో సోర్సును కాపాడుకోవడం పత్రికా స్వేచ్ఛలో భాగమని తేల్చేసింది. అక్కడి కౌన్సిల్ ఆఫ్ యూరప్ 'హెల్ప్' పేరుతో లాయర్లకు, జడ్జీలకు, ప్రాసిక్యూటర్లకు మానవ హక్కుల మీద ఆన్‌లైన్ పాఠాలు నడుపుతోంది, భావప్రకటనా స్వేచ్ఛ మీద ప్రత్యేక కోర్సే ఉంది. వాళ్ల పాఠాలు మనకు యథాతథంగా పనికిరావు, మన మేజిస్ట్రేటు ముందు యూరప్ తీర్పు చదివితే 'మన హైకోర్టుదేమైనా ఉందా' అంటారు, అనడంలో తప్పూ లేదు. చూడాల్సింది ఆ పద్ధతిని. అక్కడ దీన్ని ఎవరో ఇష్టమున్న లాయరు తీరుబడిగా నేర్చుకునే విషయంగా వదిలేయలేదు, వృత్తి శిక్షణలో కలిపేశారు. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన న్యాయవాదుల పాత్ర మీది సూత్రాల్లో తొమ్మిదోది ఇదే చెబుతుంది: లాయర్లకు తగిన చదువు, శిక్షణ, మానవ హక్కుల అవగాహన ఉండేలా చూసే బాధ్యత ప్రభుత్వాలతోపాటు లాయర్ల సంఘాలది కూడా. మన 1961 అడ్వొకేట్స్ చట్టం ఆరో సెక్షన్‌లోనూ సెమినార్లు, ఉపన్యాసాలు పెట్టించడం, న్యాయ పత్రికలు, వ్యాసాలు ప్రచురించడం రాష్ట్ర బార్ కౌన్సిల్ విధుల్లో ఉన్నాయి. కాబట్టి నేను అడుగుతున్నది కొత్త అధికారం కాదు.

విజయవాడే ఎందుకని ఎవరైనా అడగొచ్చు. బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లారు. 1950లో 'క్రాస్‌రోడ్స్' పత్రికను మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే రొమేష్ థాపర్ సుప్రీంకోర్టుకెళ్లి గెలిచారు. ఇప్పటికీ లా కాలేజీల్లో చెప్పే ఆ తీర్పు మన ఊళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటిది, ఆ నిషేధం మనకూ వర్తించిందే. ఆంధ్రజ్యోతి పుట్టింది ఇక్కడ, విశాలాంధ్ర, ప్రజాశక్తి ఇక్కడివే. హైకోర్టు అమరావతిలోని నేలపాడులో పక్కనే ఉంది. 2022 ఆగస్టులో విజయవాడకు కొత్త కోర్టు భవనాలు వచ్చాయి, హాళ్లకు కొదవ లేదు. గుంటూరు బార్‌కు ఉన్న పేరు గురించి నేను చెప్పనక్కర్లేదు, గుంటూరు వాళ్లే చెబుతారు.

కన్నబిరాన్, బాలగోపాల్, బొజ్జా తారకం లాంటి పౌరహక్కుల లాయర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న లాయర్లు మన రాష్ట్రంలో ఇంకా ఉన్నారు. ఒక హేబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) అఫిడవిట్ ఎలా రాయాలో, లాకప్‌లో దెబ్బలు తిన్నవాడు మేజిస్ట్రేటు ముందు నోరు విప్పేలా ఎలా ధైర్యం చెప్పాలో వాళ్లు పుస్తకాల్లో నేర్చుకోలేదు. బాలగోపాల్ 2009లో, కన్నబిరాన్ 2010లో, తారకం 2016లో పోయారు. ఆ శిష్యులకు కూడా ఇప్పుడు అరవై దాటుతున్నాయి. వాళ్లను పిలిచి నేర్పించండి. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనుషులు మిగలరు.

నేర్పడానికి పాత కేసులూ ఉన్నాయి. చుండూరు మన గుంటూరు జిల్లాదే అప్పట్లో. 1991 ఆగస్టు 6న దళితుల్ని చంపారు, ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టించుకునేదాకా పోరాడారు, శిక్షలు పడింది 2007లో. 2014 ఏప్రిల్లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. ఆ తీర్పు న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టను, నా అభిప్రాయం నాకుంది. హక్కుల కేసు చేపట్టే జూనియర్‌కు మాత్రం ఆ రికార్డు మొత్తం పాఠంగా చెప్పాలి: మొదటి ఫిర్యాదులో ఏం రాశారు, సాక్షి ఏ రోజు ఏం చెప్పాడు, పదహారేళ్ల తర్వాత, ఇరవై మూడేళ్ల తర్వాత దాన్ని జడ్జీలు ఎలా చదివారు. హక్కుల కేసంటే ప్రెస్‌మీట్లో మాట్లాడటం అనుకునే పిల్లలు ఎక్కువయ్యారు. చాలావరకు అది కాగితాల పని.

ఇబ్బందికరమైన విషయం ఒకటుంది, దాచడం దేనికి. 'విలేకరులంతా బ్లాక్‌మెయిలర్లే కదండీ, వాళ్లకోసం ఇంత తతంగమా' అని మన బార్ రూముల్లోనే అంటారు. బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లు లేరని నేనను. మెడలో ఐడీ కార్డు వేసుకుని క్వారీల చుట్టూ, స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిరిగేవాళ్లను అందరం చూశాం. చాలా సంస్థలు మండల విలేకరికి జీతమివ్వవు, పైగా యాడ్స్ టార్గెట్ పెడతాయి, ఆ రోగానికి మూలం అక్కడుంది. అయితే 308 పెట్టిన ప్రతివాడూ బ్లాక్‌మెయిలర్ అయిపోడు. డబ్బు అడిగాడనడానికి ఏముంది, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, వార్త వచ్చిన తేదీకీ ఫిర్యాదు తేదీకీ మధ్య ఏం జరిగింది అని నాలుగు ప్రశ్నలు వేసేసరికి ఏది అసలు కేసో ఏది కక్ష కేసో చాలావరకు తేలిపోతుంది. ఆ ప్రశ్నలు వేయడం నేర్పమనే అడుగుతున్నా. నిజంగా తప్పు చేసినవాడికి కూడా లాయరు ఉండాలన్నది ఇంకా పాత సంగతి. ఫలానావాడి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో ఏ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. క్లయింటు ఏ పార్టీవాడైతే లాయరూ ఆ పార్టీవాడేనని వేసే ముద్ర కూడా పోవాలి. లాయర్లకే నోటీసులిచ్చి పిలిపించే ధోరణి మీద 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు కళ్లెం వేసింది. క్లయింటు సంగతులు చెప్పమని లాయరుకు ఇష్టమొచ్చినట్టు సమన్లు ఇవ్వడం కుదరదు, చట్టంలో ఉన్న మినహాయింపుల కిందే, ఎస్పీ స్థాయి అధికారి ఆమోదంతోనే ఇవ్వాలి. జూనియర్లకు ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక ట్రైనింగ్ ఎలా ఉండాలనేది. వేదిక మీద పదిమంది, కింద నిద్రపోతున్న రెండొందల మంది, చివర్లో భోజనాలు, ఆ నమూనా వద్దు. ఒక్కో బ్యాచ్‌లో ముప్పై మంది చాలు. రెండో శనివారం, ఆదివారం పెట్టండి, కోర్టు పని చెడదు. మొదటి పూట ఉత్తుత్తి రిమాండ్ పెట్టించండి: రిటైరైన ఒక మేజిస్ట్రేటు గారు బెంచీ మీద కూర్చోవాలి, రిటైరైన పోలీసు అధికారి రిమాండ్ రిపోర్టు పట్టుకొచ్చి నిలబడాలి, జూనియర్ లేచి ఐదు నిమిషాల్లో రిమాండ్ ఎందుకు తిరస్కరించాలో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ చెప్పించాలి. ప్రతి ఒక్కరూ నోరు విప్పాకే సర్టిఫికెట్. రెండో పూట ఫోన్లు, హాష్ వాల్యూలు. ఇంకో పూట విలేకరుల్నే పిలిచి కూర్చోబెట్టండి. వాళ్లు వార్త ఎలా రాస్తారో, సబ్ ఎడిటర్ హెడ్డింగ్ ఎలా మారుస్తాడో, ఆ హెడ్డింగ్‌కు కేసు మాత్రం విలేకరి మీద ఎలా పడుతుందో మనకు తెలియదు. నోటీసు రాగానే ఏం చేయాలో, స్టేషన్‌కు పిలిస్తే ఏం పట్టుకెళ్లాలో వాళ్లకు తెలియదు. ఎవరి పాఠం వాళ్లకుంది.

సివిల్ వైపు కూడా కొంచెం చూపించాలి. కోట్ల రూపాయలకు పరువు నష్టం నోటీసులు, అవతలివాళ్ల మాట వినకుండానే తెచ్చుకునే ఇంజంక్షన్లు (వార్త వేయకుండా ఆపే ఆర్డర్లు) ఎక్కువవుతున్నాయి. 2024 మార్చిలో బ్లూంబర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఆర్డర్లు తేలిగ్గా ఇవ్వొద్దంది. 1994 నాటి ఆర్. రాజగోపాల్ తీర్పు ఒకటి చాలు, అధికారి తన విధుల గురించి వచ్చిన విమర్శకు పరువు నష్టం అడగడం ఎంత కష్టమో చెప్పడానికి. ఇంటర్నెట్ ఆపేసే ఉత్తర్వుల సంగతీ అంతే. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపారు. ఆపే ఉత్తర్వు బయటపెట్టాలని 2020 జనవరిలోనే అనురాధా భాసిన్ కేసులో తీర్పుంది, ఆ కాపీ అడిగే లాయరు ప్రతి జిల్లా కేంద్రంలో ఒకరైనా ఉండొద్దా?

మహిళా విలేకరుల కేసుల్లో పని తిరగబడుతుంది. అక్కడ వాళ్లు ముద్దాయిలు కారు, ఫిర్యాదుదారులు. ఫోటోలు మార్ఫింగ్ చేసి, నంబరు గ్రూపుల్లో పెట్టి రాత్రంతా ఫోన్లు చేయిస్తుంటే స్టేషన్లో 'అకౌంట్ డిలీట్ చేసుకోమ్మా' అని పంపేస్తారు. ఎఫ్ఐఆర్ కట్టించడం, ఆ ఖాతాల వివరాలు చెరిగిపోకుండా కంపెనీలకు లెటర్లు పెట్టించడం వేరే నైపుణ్యం. దీనికి మహిళా న్యాయవాదులే ముందుకు రావాలని కాదు, కానీ బ్యాచ్‌లో సగం సీట్లు వాళ్లకుంటే బాగుంటుంది.

డబ్బు సంగతి మీరు అడుగుతారు, అడగాలి కూడా. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాక కౌన్సిళ్ల ఆదాయం తగ్గిందని విన్నాం. ఆ తీర్పు వల్లే పేదింటి పిల్లలు ఎక్కువమంది వస్తారు, వాళ్లకు చాంబర్లున్న మేనమామలుండరు, వాళ్లకే ఈ శిక్షణ ఎక్కువ అవసరం. హాలు కోర్టుదే, నేర్పేవాళ్లు చాలామంది ఊరికే వస్తారు, ఖర్చంతా భోజనాలకూ పుస్తకం ప్రింటింగుకే. నాగార్జున యూనివర్సిటీ లా విభాగాన్ని కలుపుకుంటే తెలుగు మెటీరియల్ పని వాళ్ల విద్యార్థులు చేస్తారు. అసలు ఖర్చు తర్వాత వస్తుంది: శిక్షణ పొందినవాళ్ల జాబితా ఒకటి తయారుచేసి ప్రెస్‌క్లబ్బులకు ఇవ్వాలి, రాత్రిపూట పిలిస్తే వెళ్లినవాడికి కనీసం పెట్రోలు డబ్బులైనా రావాలి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మాట్లాడితే దారి దొరుకుతుంది. ఉచితంగా వాదించడానికి వాళ్లు పెట్టుకున్న లాయర్లను, అంటే డిఫెన్స్ కౌన్సిల్స్‌ను కూడా మొదటి బ్యాచ్‌లోనే కూర్చోబెట్టండి.

ఆరు నెలల తర్వాత ఒక్క లెక్క అడగండి. శిక్షణ తీసుకున్నవాళ్లు ఎన్ని రిమాండ్లను రాతపూర్వకంగా వ్యతిరేకించారు? ఎన్ని తిరస్కరించారన్నది తర్వాత సంగతి, కోర్టులో మెమో (అభ్యంతరాన్ని రాసిచ్చే కాగితం) వేయడం మొదలైతే చాలు.

ఈ విషయాన్ని కౌన్సిల్ వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చమని మనవి. హాలు సంగతి విజయవాడ, గుంటూరు బార్ అసోసియేషన్లతో మాట్లాడే పని నాకు అప్పగించినా సంతోషమే. రిమాండ్‌ను వ్యతిరేకిస్తూ వేసే మెమో నమూనా ఒకటి తెలుగులో రాసి దీంతో జతచేస్తున్నాను, రెండు పేజీలే. పాత సెక్షన్లు, కొత్త సెక్షన్లు పక్కపక్కనే వేశాను. తప్పులుంటే దిద్ది, కౌన్సిల్ పేరుతోనే అచ్చువేసి పంచండి, నా పేరు అక్కర్లేదు.

ఇట్లు,
మీ రోల్‌లోని ఒక న్యాయవాది,
గవర్నర్‌పేట, విజయవాడ.